ఐదు ముడుల ప్రయాణం

నా ఉద్యోగంలో నేను అన్నిటికంటే ఎక్కువ సిద్ధమై వెళ్లిన ప్రయాణం ఒకటుంది. ఒక రోజు ఆలస్యంగా వెళ్లిందీ అదే. ఇన్నేళ్లయినా ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. మొన్న కొత్తగా ల్యాబు ఉద్యోగంలో చేరిన ఒక అమ్మాయి ఫోన్ చేసి, "మేడం, ఒక్కదాన్నే అడవిలో క్యాంపుకు పోవాలె, ఏమేం సర్దుకోవాలె?" అని అడిగింది. గుర్తున్నవన్నీ చెప్పాను. ఫోన్ పెట్టేశాక, అసలు చెప్పాల్సింది చెప్పలేదని తెలిసింది. అందుకే ఇది రాస్తున్నాను.

ఎనభైల మొదట్లో, సారపాక దాటి అడవి మొదలయ్యే చోట ఒక చిన్న ఆరోగ్య కేంద్రంలో నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. ముదిగొండ దగ్గరి పల్లె నుంచి వచ్చాను. పాతికేళ్లుంటాయి, పెళ్లి కాలేదు. నాకు ఒక గది, ఒక మైక్రోస్కోపు, రంగు సీసాలు, వెలుతురు కోసం ఒక కిటికీ. ఊరూరా తిరిగి జ్వరమొచ్చినవాళ్ల వేలు గుచ్చి, నెత్తురు చుక్క గాజు పలక మీద పూసి తెచ్చే పని మలేరియా వర్కర్లది. ఆ పలక చూసి అది మలేరియా అవునో కాదో తేల్చడం నా పని. నేను 'ఉంది' అని రాస్తే ఆ మనిషికి పూర్తి మందు వెళ్తుంది. 'లేదు' అని రాస్తే వెళ్లదు. నా పెన్సిలుకు అంత బరువుండేది.

వాగు అవతల ఒక కోయగూడెం ఉంది. దాని పేరు రాయను, ఎవరి పేరూ రాయను. పేర్లు రాస్తే అది ఆ నలుగురి తప్పే అనుకుని మిగతావాళ్లు హాయిగా నిద్రపోతారు. ఆ గూడెం నుంచి వానాకాలమంతా పలకలు క్రమం తప్పకుండా వచ్చాయి. ఒక్కదాంట్లో కూడా మలేరియా లేదు. చుట్టూ ఊళ్లన్నీ మూలుగుతుంటే ఆ ఒక్క గూడెం పచ్చగా ఉందంటే నేను సంతోషించాను. పాపం వర్కరు బాగా పని చేస్తున్నాడనుకున్నాను.

నిజానికి ఆ పలకలు నేను సరిగ్గా చూడలేదు. ఎదుటి మనిషి తప్పు చెప్పేటప్పుడు నా తప్పు దాచుకుంటే కుదరదు. రోజుకు వందకు పైగా పలకలు వచ్చేవి. ఎప్పుడూ 'లేదు' వచ్చే ఊరి పలకల్ని పైపైన చూసి పక్కన పెట్టడం అలవాటైపోయింది. దసరా వెళ్లిన వారం, కరెంటు పోయి, కిటికీ వెలుతుర్లో నెమ్మదిగా చూడాల్సి వచ్చి, ఆ గూడెం పలక ఒకటి నిదానంగా చూశాను. ఎర్రకణాలు గుండ్రంగా లేవు. కోలగా ఉన్నాయి. ప్రతి కణం మధ్యలో ఒక నీలం గింజ. మనిషి ఎర్రకణంలో ఆ గింజ ఉండదు. కోడి కణంలో ఉంటుంది.

ఇంకో పలక తీశాను. అదీ అంతే. పదిహేను పలకలు తీశాను. పదిహేను పేర్లు, పదిహేను వయసులు, ఒకటే కోడి.

డాక్టరుగారిని పిలుచుకొచ్చి చూపించాను. కోస్తా నుంచి వచ్చినాయన, చదువుకున్నవాడు, మాట మెత్తన. ఒక కన్ను మూసి చూశారు, నవ్వారు.

"ఆదివారం కూర వండుకుని, మిగిలింది మనకు పంపించాడన్నమాట."

"సార్, ఆ గూడెంలో ఎన్ని జ్వరాలున్నాయో మనకు అసలు తెల్వదు. వానలు మొదలైనప్పటి నుంచి తెల్వదు."

"నెగటివ్ అని రాసెయ్యమ్మా. రిపోర్టు ఎల్లుండి ఖమ్మం వెళ్లాలి."

"కోడికి మలేరియా లేదని రాయమంటారా సార్?"

ఆయన నవ్వు ఆగిపోయింది. "అంత పట్టుదలుంటే మీరే వెళ్లి తెచ్చుకోండి. జీపు లేదు, తోడు పంపడానికి మనిషి లేడు. టూర్ ప్రోగ్రాం రాసి పెట్టండి, చూద్దాం" అని వెళ్లిపోయారు. ఆ 'చూద్దాం' అనే మాటకు మా ఆఫీసులో ఒకటే అర్థం. ఆడపిల్ల, ఒక్కతే వాగు దాటి ఎక్కడికి వెళ్తుందిలే అని ఆయన ధీమా. నేను ఆ సాయంత్రమే టూర్ ప్రోగ్రాం, అంటే ఆయన సంతకం పెట్టాల్సిన ప్రయాణ కాగితం, రాసి ఆయన బల్ల మీద పెట్టాను. శనివారం ప్రయాణం, ఒక్కదాన్నే.

మరునాడు ఆ వర్కరే నా గదికి వచ్చాడు. నలభై దాటినవాడు, నన్ను చెల్లె అని పిలిచేవాడు, ఏ పండక్కైనా ఇంటి నుంచి అరిసెలో మురుకులో తెచ్చి పెట్టేవాడు. తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"చెల్లె, వాగు రొమ్ముల దాక వచ్చింది. ఒకపాలి కొట్టుకపోయిన. చెట్టుకొమ్మ దొరికింది గాబట్టి బతికిన. పిల్లలు గలవాణ్ణి."

"అన్నా, వాగొస్తే పోకపోతివి, ఎవరేమంటరు? పోలేదని రాస్తే అయిపోవు. కోడి నెత్తురెందుకు?"

"పోలేదని రాస్తే మెమో ఇస్తరు. పలకలు పెడితే ఏం అడగరు."

"మరి వాగు తగ్గినంక?"

తల దించుకున్నాడు. "గట్లనే అలవాటైంది."

అతని మీద కోపం రావాలి, వచ్చింది. కాని ఆ 'పలకలు పెడితే ఏం అడగరు' అన్న మాట మీద వచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు. కంచే చేను మేస్తుంటే కంచెను లెక్కపెట్టి సంతకం పెట్టే ఆఫీసు మాది. ఆ అడగని వాళ్లలో నేనూ ఉన్నాను.

వెళ్లే ముందు అతను ఒక కాగితం మీద దారి గీసి ఇచ్చాడు. వెదురు లారీ ఎక్కడ దిగాలి, వాగు ఎక్కడ పలచగా పారుతుంది, ఏ గట్టు దగ్గర దారి రెండుగా చీలుతుంది, అన్నీ పొల్లుపోకుండా గీశాడు. ఆ దారి అతనికి అరచేతిలో గీతల్లా తెలుసు. అది చూసి మరింత మండిపోయాను.

ఇక సిద్ధం కావడం మొదలుపెట్టాను. నేర్పినవాళ్లు ఎవరూ లేరు. మగవాళ్లు టూరుకు వెళ్లాలంటే చేతిసంచీ ఊపుకుంటూ బస్సెక్కడం చూశాను, అంతే. నాకు నేర్పింది మా దవాఖానా ఆయా. యాభై ఏళ్ల కోయ మనిషి. గదులు ఊడ్చి, కాన్పులకు నీళ్లు కాచి, రోజంతా నడుం వంచే ఉండేది. ఆమె చెల్లెలిని ఇచ్చింది ఆ గూడేనికే. ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. మూడేళ్లు ఒకే దవాఖానాలో పనిచేసి కూడా ఆమెను ఎవరమూ ఏమీ అడిగేవాళ్లం కాదు.

నేను వెళ్తున్నానని తెలిసి ఆమె చీపురు గోడకు ఆనించి వచ్చింది.

"అమ్మా, నిజంగ పోతవా?"

"పోత. ఏం, నీకూ అనుమానమేనా?"

"అనుమానం గాదు. మా చెల్లె మొగనికి పది రోజుల సంది జరం. చలి, వణుకు, మల్ల జరం. సంతల కలిసినోళ్లు చెప్పిండ్రు. దవాఖానకు తీస్కరమ్మంటే లేవలేకుండ ఉన్నడట. నువ్వు పోతే ఆనికి గోలీలు అందుతయ్."

"శనివారం పోత. తప్పకుండ."

"గట్ల చెప్పకుండ పోతే గూడెంల ఎవ్వరు ఉండరు. పొద్దుగాల్నే అడివికి, పోడుకు పోతరు. కబురు పంపాలె."

ఆ రోజు సోమవారం, సంత రోజు. ఆమె నారతాడు ముక్క తెచ్చి, నా బల్ల పక్కన కూర్చుని, ఒకదాని తర్వాత ఒకటి ఐదు ముడులు వేసింది. సంతకు వచ్చిన ఆ గూడెం మనిషి చేతికిచ్చి తన భాషలో ఏదో చెప్పింది. తర్వాత నాకు చెప్పింది. రోజుకొక ముడి విప్పుతారు. ఆఖరి ముడి విప్పిన రోజు ఎవరూ పనికి పోరు. జ్వరమున్న వాళ్లందరినీ, పక్క గుంపుల నుంచి, అంటే ఐదారు గుడిసెల చిన్న పల్లెల నుంచి కూడా మోసుకొచ్చి, ఒకచోట కూర్చోబెడతారు. పెళ్లికైనా చావుకైనా వాళ్లకు అదే శుభలేఖ, అదే క్యాలెండరు.

"ముడి తప్పొద్దు అమ్మా" అంది. అంతే అంది.

ఆ నాలుగు రోజులూ నేను సర్దుకున్న తీరు తలచుకుంటే ఇప్పుడు నవ్వూ ఏడుపూ వస్తాయి. అరవై పలకలు స్పిరిట్‌తో తుడిచి పదేసి చొప్పున కాగితంలో చుట్టాను. సూదులు, దూది, స్పిరిట్ సీసా మూతికి మైనం. పలకల మీద రాయడానికి పెన్సిళ్లు మూడు, ఎందుకంటే చెమటకు సిరా చెదిరిపోతుంది. క్లోరోక్విన్ గోలీల డబ్బా. పలకలు ఆరబెట్టినప్పుడు చీమలు వచ్చి నెత్తురు తినేస్తాయని ఆయా చెబితే, పెట్టె చుట్టూ చల్లడానికి బూడిద పొట్లం. వాగు దాటేటప్పుడు కట్టుకోవడానికి పాత నేత చీర. ఒక రాత్రి ఉండాల్సి వస్తే దుప్పటి. జొన్నరొట్టెలు, కారప్పొడి. లారీ డ్రైవరుతో మాట. పెట్టె భుజాన వేసుకుని దవాఖానా చుట్టూ రెండు రౌండ్లు నడిచి బరువు కూడా చూసుకున్నాను. జాగ్రత్త అంటే అదేనని నా గట్టి నమ్మకం. ఒక్క వస్తువు మరిచిపోలేదు. అన్నీ ఉన్నాయి, సంతకం తప్ప.

గురువారం డాక్టరుగారు మీటింగుకని ఖమ్మం వెళ్లారు. నా కాగితం ఆయన బల్ల మీద, పేపరు వెయిటు కింద, అలాగే ఉంది. బస్సెక్కబోతుంటే పరుగెత్తి వెళ్లి అడిగాను.

"రేపు సాయంత్రం వచ్చేస్తాగా, సంతకం పెడతాను. సంతకం లేకుండా మాత్రం కదలకండి. ఆడపిల్లకు దారిలో ఏదైనా అయితే నా ఉద్యోగం పోతుంది" అన్నారు. నా ప్రాణం పోతుందని అనలేదు, గమనించారా?

శుక్రవారం సాయంత్రం ఆయన రాలేదు. శనివారం తెల్లవారింది. లారీ వచ్చి హారన్ కొట్టింది. పెట్టె భుజాన వేసుకుని నేను వసారాలో నిలబడ్డాను. ఆయా గేటు దగ్గర నిలబడి నన్నే చూస్తోంది.

"ఎక్కు అమ్మా" అంది.

"సంతకం కాలేదు."

"సంతకం గూడెంల ఎవ్వరు అడగరు."

అప్పుడు నేనన్న మాట ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది. "ఒక్క రోజే గదా" అన్నాను. ఉద్యోగం పోతుందన్న భయం. ఇంటి దగ్గర మా నాయన నా జీతం మీద ఆధారపడి లేకపోయినా, గవర్నమెంటు కొలువు అని ఊరంతా చెప్పుకున్నాడు. లారీని పంపించేశాను. ఆయా లోపలికి వెళ్లి చీపురు తీసుకుంది.

డాక్టరుగారు మధ్యాహ్నం భోజనం వేళకు దిగారు. తేదీ కొట్టేసి ఆదివారం అని రాసి, సంతకం పెట్టి, "చూశారా, తొందరెందుకు?" అన్నారు. తొందరెందుకట.

ఆదివారం తెల్లవారుజామున లారీ ఎక్కాను. వర్కరు గీసిన కాగితం ప్రకారం దిగి, చీర ఎగ్గట్టి, పెట్టె నెత్తిన పెట్టుకుని వాగు దాటాను. నీళ్లు మోకాళ్లు దాటలేదు. రొమ్ముల దాకా అన్నాడే, అని తిట్టుకుంటూ నడిచాను. అడవి దారిలో ఒక్కదాన్నే నడవడం గురించి నన్ను అందరూ భయపెట్టారు. ఎలుగు ఉంటుందన్నారు, పాము ఉంటుందన్నారు. నాకేమీ కనపడలేదు. నిజం చెప్పాలంటే సంతోషంగా ఉంది. ఎవరి జీపూ లేకుండా, ఎవరి తోడూ లేకుండా వచ్చేశానన్న గర్వం.

గూడెం ఇంకా కనపడకముందే డోలు వినిపించింది. ఆగి విన్నాను. ఆయా చెప్పింది కదా, అందరూ ఒకచోట కూడతారని. నా కోసమే కొడుతున్నారనుకున్నాను. ఎవరూ చూడకుండా చీర కుచ్చిళ్లు సర్దుకుని, తల దువ్వుకున్నాను కూడా.

ఈ మాట నేను రిటైరయ్యే దాకా ఎవరికీ చెప్పలేదు.

డోలు చావుది. ఆయా చెల్లెలి మొగుడు ఆ తెల్లవారే పోయాడు. శనివారం అతన్ని మంచం మీద మోసుకొచ్చి చెట్టు నీడన పడుకోబెట్టారట. అతనితో పాటు పాతిక మందికి పైగా జ్వరంతో వచ్చి కూర్చున్నారు. పొద్దు వాలేదాకా ఎదురుచూసి, ఎవరి గుంపులకు వాళ్లు వెళ్లిపోయారు. ఆయా చెల్లెలు గుడిసె ముందు కూర్చుని ఉంది. పక్కన ఆ నారతాడు నేల మీద పడి ఉంది, ఒక్క ముడి లేకుండా తిన్నగా.

నేను "సంతకం కాలేదు" అన్నాను. నిజంగా ఆ మాటే అన్నాను.

ఆమెకు తెలుగు కొంచెమే వచ్చు. "ముడులు అయిపోయినయ్. నువ్వు రాలె" అంది. తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

పెట్టె దించి వెనక్కి తిరిగి చూస్తే, ఆ గుడిసె గోడ మీద మా శాఖ ముద్ర ఉంది. వర్కరు వచ్చిన ప్రతిసారీ ఇంటి గోడ మీది గళ్లలో తేదీ వేసి సంతకం పెట్టాలి. అది మా రూలు. అప్పుడు అక్టోబరు. ఆ గోడ మీద డిసెంబరు ఆఖరు దాకా తేదీలు వేసి, సంతకాలు పెట్టి ఉన్నాయి. ఎండాకాలంలో ఒక్కసారి వచ్చి ఏడాదికి సరిపడా పెట్టి వెళ్లాడు మహానుభావుడు. ఇంకా రాని రోజులకు కూడా సంతకం ఉంది. వచ్చి నిలబడాల్సిన రోజుకు సంతకం లేదని నేను ఆగిపోయాను. ఆ గోడ ముందు నిలబడి ఏడవలేదు. పళ్లు కొరికాను.

చావింట్లో సూదులు తీయడానికి చేతులు రాలేదు. వెనక్కి వెళ్లిపోదామా అనుకుంటుండగా ఆయా చెల్లెలే లేచి వచ్చి, నా ముందు కూర్చుని, వేలు చాపింది.

"ముందు నాది గుచ్చు. నాది చూసి అందరు వస్తరు."

గుచ్చాను. తర్వాత చావుకు వచ్చినవాళ్లంతా వరసగా కూర్చున్నారు. అరవై పలకలూ అయిపోయాయి. జ్వరమున్న ప్రతివాళ్లకూ దగ్గర కూర్చుని గోలీలు మింగించాను. పలకలు ఆరబెట్టి చుట్టూ బూడిద చల్లాను. ఒక్క చీమ రాలేదు. ఎంత బాగా సిద్ధమయ్యానో చూడండి.

సాయంత్రం బయల్దేరుతుంటే ఆమె అడిగింది, "మల్ల ఎన్నడొస్తవ్?"

"పలకలు చూసి, పూర్తి మందు తీస్కొని వస్త. ఏడు రోజులు" అన్నాను.

ఆమె నేల మీది తాడు తీసుకుని ఏడు ముడులు వేసింది. గూడెంలో ఎవరికైనా ఇస్తుందనుకున్నాను. నా చేతిలో పెట్టింది.

"పోయినపాలి మేం ఇప్పినం. ఈపాలి నువ్వు ఇప్పు."

తిరిగొచ్చి నాలుగు రోజులు, రోజూ వచ్చే వాటితో పాటు ఆ అరవై పలకలూ కంటి మీద కునుకు లేకుండా చూశాను. సగానికి పైగా పలకల్లో మలేరియా, అందులోనూ మనిషిని తినే రకమే ఎక్కువ. ఒక రోజు ముందు వెళ్తే అతను బతికేవాడా అని ఆ తర్వాత చాలామంది డాక్టర్లను అడిగాను. కొందరు బతికేవాడన్నారు, కొందరు అప్పటికే చేయి దాటిపోయి ఉంటుందన్నారు. వాళ్లు ఎటు చెప్పినా నాకు ఒకటే. ఆ ఒక్క రోజు నేను అతనికి ఇవ్వలేదు.

ఆయాకు నేను చెప్పాల్సిన పని లేకపోయింది. కబురు నాకంటే ముందే చేరింది. మూడు రోజులు ఆమె నా గది ఊడ్చింది, నాతో మాట్లాడలేదు.

ఇక మా ఆఫీసు సంగతి వినండి. కోడి నెత్తురు పలకలు 'రవాణాలో పగిలినవి' అని రిజిస్టరులో రాశారు. వర్కరును వేరే ఊళ్లకు మార్చారు, అక్కడ వాగు లేదట. మెమో మాత్రం నాకు వచ్చింది. మహిళా ఉద్యోగి తోడు లేకుండా, సెలవు రోజున అటవీ ప్రాంతంలో పర్యటించడానికి కారణం తెలపవలెను. సంతకం మా డాక్టరుగారిదే. ఆదివారం అని దిద్దింది కూడా ఆ చెయ్యే. దున్నపోతు మీద వాన అంటారు, పాపం దున్నపోతుకు కనీసం ఒళ్లు తడుస్తుంది.

రోజుకొక ముడి విప్పాను, మైక్రోస్కోపు పక్కన పెట్టుకుని. ఐదో ముడి రోజు మళ్లీ టూర్ ప్రోగ్రాం రాసి ఆయన బల్ల మీద పెట్టాను. ఆరో రోజు కూడా అది పేపరు వెయిటు కిందే ఉంది. అడిగితే, "ముందు మెమోకు జవాబివ్వండి, తర్వాత చూద్దాం" అన్నారు.

ఏడో రోజు తెల్లవారి లారీ హారన్ వినపడింది. ఆయా గేటు దగ్గరే ఉంది. ఈసారి ఎక్కమని అనలేదు. ఊరికే చూస్తూ నిలబడింది. ఆఖరి ముడి బిగుసుకుపోయి గోళ్లకు రాలేదు. పంటితో లాగి విప్పాను. తాడు ఆయా చేతికిచ్చి, మందుల పెట్టె నెత్తికెత్తుకుని లారీ ఎక్కాను. నా కాగితం బల్ల మీదే ఉంది, సంతకం లేకుండా.